శోథాన్ని రగిల్చేదెవరు, ఆర్పేదెవరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో రోగనిరోధక వ్యవస్థనూ శోథాన్నీ అణువుల స్థాయిలో అదుపు చేసే యంత్రాంగం గురించి, ఆ రంగంలో పిహెచ్‌డి తర్వాత సాగే పరిశోధన గురించి ఒక పరిచయ వ్యాసం ఇచ్చాం. దాని మీద వచ్చిన ఉత్తరాలలో కొన్ని శరీరం గురించి అడిగినవి, కొన్ని ప్రయోగశాల గురించి అడిగినవి. రెంటినీ వేరుచేయకుండా, ఒక జవాబు నుంచి ఇంకో జవాబుకు దారి దొరికే వరుసలో ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని చాలామంది కోరారు కనుక ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: ముల్లు గుచ్చుకున్న చోట ఎర్రబడి వాచడం శరీరం చేసుకునే రక్షణ అని చదువుకున్నాం. కీళ్లవాతంలోనూ అదే ఎరుపు, అదే వాపు. ఇంతకీ శోథం రక్షణా, రోగమా? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: రెండు చోట్లా జరిగే పని ఒకటే, అందుకే మీకు ఈ సందేహం వచ్చింది. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్‌ అనేదాన్నే మన శాస్త్ర పుస్తకాలు శోథం అంటాయి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అనే నాలుగు లక్షణాలను క్రీస్తుశకం 1వ శతాబ్దంలోనే సెల్సస్‌ అనే రోమన్‌ రచయిత ఒకచోట చేర్చి చెప్పాడు. దెబ్బ తగిలిన చోట సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి కనుక ఎరుపూ వేడీ వస్తాయి. వాటి గోడలు వదులై ద్రవం బయటికి ఊరుతుంది కనుక వాపు వస్తుంది. ప్రోస్టాగ్లాండిన్ల వంటి పదార్థాలు నరాల కొసలను సున్నితం చేస్తాయి కనుక మామూలుగా తెలియని తాకిడి కూడా నొప్పిగా తెలుస్తుంది. ఇదంతా రక్తంలోని తెల్లకణాలను అవసరమైన చోటికి చేర్చే ఏర్పాటు. 1882లో ఇటలీలోని మెస్సినాలో ఇల్యా మెచ్నికోవ్‌ అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప డింభకాల ఒంట్లో గులాబీ ముళ్లు గుచ్చి ఉంచి, మర్నాడు పొద్దున్నే సూక్ష్మదర్శినిలో చూస్తే ముల్లు చుట్టూ కదిలే కణాలు మూగి ఉన్నాయి. రక్తనాళాలే లేని జీవిలో కూడా కణాలు వెతుక్కుంటూ వచ్చాయంటే అది రక్షణ కోసమే అయివుండాలని ఆయన వాదించాడు. ఆ దారిలో సాగిన కృషికి 1908లో పాల్‌ ఎర్లిష్‌తో కలిసి నోబెల్‌ బహుమతి అందుకున్నాడు.

అయితే ఆ కణాల చేతిలో ఉన్న ఆయుధాలకు గురి తక్కువ. న్యూట్రోఫిల్‌ అనే తెల్లకణం వదిలే ఎంజైములు, ఆక్సీకరణ రసాయనాలు బ్యాక్టీరియాను ఎంత ఇష్టంగా కొరుకుతాయో మన కీలులోని మృదులాస్థిని కూడా అంతే ఇష్టంగా కొరుకుతాయి. కాబట్టి రక్షణకూ రోగానికీ తేడా ఉన్నది శోథం స్వభావంలో కాదు. అది ఎక్కడ మొదలైంది, ఎంత మోతాదులో నడిచింది, ఎప్పుడు ఆగింది అన్న మూడు విషయాలలో. ఈ మూడింటికీ లెక్క చూసే అణువులు ఏవి అన్నదే ఈ రంగమంతా.

ప్రశ్న: ‘అణు స్థాయి నియంత్రణ’ అన్న మాట వినడానికి గంభీరంగా ఉంటుంది, విద్యార్థులకు చెప్పబోతే గాలిలో తేలిపోతుంది. చేత్తో పట్టుకున్నట్టు చెప్పగలిగే ఉదాహరణ ఒక్కటి ఇవ్వండి. (జీవశాస్త్ర అధ్యాపకుడు)

జవాబు: ఒక్కటే అంటే నేను ఎన్‌ఎఫ్‌-కప్పా-బి అనే ప్రోటీన్‌ కథ చెబుతాను. 1986లో డేవిడ్‌ బాల్టిమోర్‌ ప్రయోగశాలలో పోస్ట్‌డాక్‌గా (పిహెచ్‌డి తర్వాతి పరిశోధకుడిగా) ఉన్న రంజన్‌ సేన్‌ యాంటీబాడీలు తయారుచేసే బి కణాలలో, యాంటీబాడీలోని కప్పా గొలుసు జన్యువు దగ్గర డీఎన్‌ఏను పట్టుకుని ఉండే ఒక ప్రోటీన్‌ను గుర్తించాడు. ఆ నోరు తిరగని పేరు అక్కడి నుంచి వచ్చిందే. మొదట అది బి కణాల సొంతమనుకున్నారు. అదే ఏడాది వచ్చిన రెండో పత్రంలో తేలిందేమిటంటే ఆ ప్రోటీన్‌ ఇతర కణాలలోనూ ఉంది, కాకపోతే నిద్రపోతూ ఉంది. సరైన ప్రేరణ ఇస్తే, కొత్తగా ప్రోటీన్లేవీ తయారుకాకుండానే, లేచి పనిలోకి దిగుతుంది. శోథానికి సంబంధించిన వందల జన్యువులను నడిపే ముఖ్యమైన మీటలలో ఇది ఒకటని తర్వాతి సంవత్సరాలలో తెలిసింది.

ఆ నిద్రకు కారణం ఐ-కప్పా-బి ఆల్ఫా అనే ఇంకో ప్రోటీన్‌. అది ఎన్‌ఎఫ్‌-కప్పా-బిని కౌగిలించుకుని కేంద్రకంలోకి పోనివ్వకుండా కణద్రవ్యంలోనే ఆపుతుంది. కొన్ని రకాల బ్యాక్టీరియా గోడలో ఉండే లిపోపాలీశాకరైడ్‌ అనే పదార్థం, క్రిములను మింగే మాక్రోఫేజ్‌ అనే తెల్లకణం ఉపరితలం మీది టీఎల్‌ఆర్‌-4 గ్రాహకాన్ని తట్టినప్పుడు లోపల కైనేజ్‌ అనే ఎంజైము ఒకటి మేల్కొని ఐ-కప్పా-బికి రెండు చోట్ల ఫాస్ఫేట్‌ గుర్తు వేస్తుంది. గుర్తు పడిన దానికి యుబిక్విటిన్‌ అనే చిన్న ప్రోటీన్‌ తోకగా తగులుతుంది. తోక తగిలినదాన్ని కణంలోని ప్రోటియాజోమ్‌ అనే యంత్రం ముక్కలు చేస్తుంది. కాపలా పోయిన మరుక్షణం ఎన్‌ఎఫ్‌-కప్పా-బి కేంద్రకంలోకి దూరి టీఎన్‌ఎఫ్‌, ఇంటర్‌ల్యూకిన్‌-6 వంటి సైటోకైన్ల (కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్ల) జన్యువులను తెరుస్తుంది.

దీన్ని కళ్లారా చూడాలంటే వెస్టర్న్‌ బ్లాట్‌ చేయాలి. ఎలుక తొడ ఎముకలోని మజ్జను సిరంజితో కడిగి తీసి, తగిన వృద్ధి కారకంతో వారం రోజులు పెంచితే పళ్లెం అడుగున మాక్రోఫేజ్‌లు అంటుకుని ఉంటాయి. లిపోపాలీశాకరైడ్‌ వేసి సున్నా, 15, 30, 60, 120 నిమిషాల దగ్గర కణాలను పగలగొట్టి, ప్రోటీన్లను జెల్‌ మీద పరిగెత్తించి, ఐ-కప్పా-బి ఆల్ఫాను గుర్తుపట్టే యాంటీబాడీతో తడిపితే, సున్నా దగ్గర 37 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలిచే ప్రమాణం) ప్రాంతంలో నల్లటి గీత దట్టంగా కనిపిస్తుంది. 15 నుంచి 30 నిమిషాల మధ్య అది దాదాపు మాయమవుతుంది. గంట దాటేసరికి మళ్లీ వస్తుంది. కింద, ప్రేరణతో మారని బీటా-యాక్టిన్‌ అనే ప్రోటీన్‌ గీత మాత్రం అన్ని గడుల్లోనూ సమానంగా ఉండాలి. లేకపోతే మాయమైంది ప్రోటీన్‌ కాదు, మీరు వేసిన మోతాదు. ఈ ఒక్క చిత్రం తరగతిలో చూపించి, “పోయిన గీత మళ్లీ ఎక్కడి నుంచి వచ్చింది?” అని అడగండి. జవాబు చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది: ఎన్‌ఎఫ్‌-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లగానే తెరిచే జన్యువులలో ఐ-కప్పా-బి ఆల్ఫా జన్యువు కూడా ఉంది. తనను కట్టేసే తాడును తానే పేనుకుంటుంది.

అలాంటి తాళ్లు ఇంకా ఉన్నాయి. గ్రాహకం దగ్గర మొదలైన సంకేతాన్ని మధ్యదారిలో తుంచే ఏ20 అనే ప్రోటీన్‌ను కూడా ఇదే మీట తయారుచేయిస్తుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ-146ఏ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క కూడా దాని పిల్లే. అది ఆ దారిలోని రెండు ప్రోటీన్ల తయారీని తగ్గిస్తుంది. ఇంకా కిందికి వస్తే, టీఎన్‌ఎఫ్‌ తయారీకి వెళ్లే సందేశ ఆర్‌ఎన్‌ఏ తోకను పట్టుకుని దాన్ని త్వరగా చెడగొట్టే ట్రిస్టెట్రాప్రోలిన్‌ ఉంది. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా మిగిలినవి సర్దుకుంటాయనుకుంటే పొరపాటు. ఐ-కప్పా-బి ఆల్ఫా లేని ఎలుక పిల్లలు పుట్టిన పది రోజుల ప్రాంతంలోనే చనిపోతాయి; ఏ20 లేనివి పలు అవయవాలలో శోథంతో కొద్ది వారాలకు మించి నిలవవు; ట్రిస్టెట్రాప్రోలిన్‌ లేనివి పుట్టినప్పుడు బాగానే ఉండి, తర్వాత చిక్కిపోయి, కీళ్లు వాచిపోతాయి. ఆపే యంత్రాంగం అదనపు హంగు కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ప్రశ్న: రోగనిరోధక శక్తిని పెంచే పొడులు, గుళికలు నిజంగా పనిచేస్తాయా? (గృహిణి)

జవాబు: పై జవాబు చదివాక ‘పెంచడం’ అన్న మాటే తిరిగి అడగాలనిపిస్తుంది: దేన్ని పెంచాలి, టీఎన్‌ఎఫ్‌నా, దాన్ని ఆపే ఏ20నా? 2020లో కోవిడ్‌ రోగుల మీద బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో, వెంటిలేటర్‌ మీదున్న వారిలో మరణాలను దాదాపు మూడో వంతు తగ్గించినది శోథాన్ని అణిచే డెక్సామెథాసోన్‌. ఆక్సిజన్‌ అవసరంలేని వారికి అదే మందుతో మేలు కనిపించలేదు. ఒక క్రిమిని గుర్తుపెట్టుకునేలా వ్యవస్థకు శిక్షణ ఇచ్చేది టీకా. సరిపడా తిండి, నిద్ర లేనివారికి అవి అందితే మేలు జరుగుతుంది. సీసా మీద రాసిన ‘బూస్టర్‌’ అన్న మాటకు శాస్త్రంలో కొలత లేదు.

ప్రశ్న: మా అమ్మగారికి కీళ్లవాతానికి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్‌ రాశారు. అయితే ముందు క్షయ పరీక్ష చేయించాలని డాక్టరు గారు పట్టుబట్టారు. ఆవిడకు దగ్గు కూడా లేదు. ఈ పరీక్ష ఎందుకు? (ఒక పాఠకుడు)

జవాబు: డాక్టరు గారు చేసింది సరైన పని, పరీక్ష తప్పకుండా చేయించండి. క్షయ క్రిమి సోకిన వారందరికీ జబ్బు రాదు. ఎక్కువమందిలో మాక్రోఫేజ్‌లు, ఇతర తెల్లకణాలు ఆ క్రిముల చుట్టూ గుండ్రంగా గోడ కట్టి, గ్రాన్యులోమా అనే చిన్న గడ్డలో వాటిని బంధించి ఉంచుతాయి. లోపల క్రిమి ప్రాణంతోనే ఉంటుంది, మనిషికి దగ్గు ఉండదు, జ్వరం ఉండదు. ఆ గోడ కూలకుండా నిలవడానికి టీఎన్‌ఎఫ్‌ కావాలి. కీలులో మృదులాస్థిని తినిపిస్తున్న అణువూ, ఊపిరితిత్తిలో క్షయ క్రిమిని చెరలో ఉంచుతున్న అణువూ ఒకటే. 1998లో టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ అనే మందు వాడకంలోకి వచ్చింది. 2001 నాటికి ఆ మందు తీసుకున్నవారిలో 70 క్షయ కేసులు నమోదైనట్టు, వాటిలో చాలా వరకు మందు మొదలుపెట్టిన కొద్ది నెలలకే బయటపడినట్టు, ఒక వైద్య పత్రికలో వచ్చింది. అప్పటి నుంచి ముందు పరీక్ష, నిద్రాణంగా ఉన్న క్షయ కనిపిస్తే దానికి ముందు చికిత్స, ఆ తర్వాతే ఇంజెక్షన్‌ అన్న పద్ధతి స్థిరపడింది.

ఇది టీఎన్‌ఎఫ్‌కే పరిమితమైన తిరకాసు కాదు. గుండెపోటు వచ్చి బయటపడి, రక్తంలో శోథానికి గుర్తు అయిన సి-రియాక్టివ్‌ ప్రోటీన్‌ ఎక్కువగా ఉన్న 10 వేల మందికి పైగా రోగులకు ఇంటర్‌ల్యూకిన్‌-1 బీటా అనే ఇంకో సైటోకైన్‌ను అడ్డుకునే కెనాకినుమాబ్‌ను ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి సుమారు 15 శాతం తగ్గాయి. కొలెస్టరాల్‌ను ముట్టుకోకుండానే ఈ తగ్గుదల వచ్చింది కనుక రక్తనాళాల జబ్బులో శోథానికి పాత్ర ఉందని రుజువైంది. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో కన్నా ఎక్కువయ్యాయి, మొత్తం మరణాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీ అమ్మగారి విషయంలో ఇంజెక్షన్‌ వల్ల కలిగే మేలు పెద్దదే. జ్వరం వస్తే తేలికగా తీసుకోకుండా డాక్టరు గారికి వెంటనే చెప్పండి, మందును మాత్రం సొంతంగా ఆపకండి.

ప్రశ్న: పిహెచ్‌డి ఈ ఏడాది పూర్తవుతుంది. శోథ నియంత్రణ మీద పోస్ట్‌డాక్‌ చేయాలనుంది. పిహెచ్‌డికీ దీనికీ నిజమైన తేడా ఏమిటి? ప్రయోగశాలను ఎలా ఎంచుకోవాలి? (పరిశోధక విద్యార్థిని)

జవాబు: పిహెచ్‌డిలో ప్రశ్న సాధారణంగా మీ గైడ్‌ది, దాన్ని ఛేదించడం నేర్చుకునేది మీరు. పోస్ట్‌డాక్‌లో ప్రశ్న కూడా మీదే కావాలి. రెండు మూడేళ్ల తర్వాత మీరు వెళ్లిపోతూ పట్టుకుపోగలిగినంత మీది కావాలి. చేరేముందే అడగాల్సిన మొదటి మాట ఇదే: “నేను మొదలుపెట్టిన పనిలో ఏ భాగాన్ని నాతో తీసుకుపోవచ్చు?” దీనికి నేరుగా సమాధానం చెప్పే ప్రొఫెసర్‌ దగ్గర చేరండి. నీళ్లు నమిలే చోట ఎంత పెద్ద పేరున్నా రెండుసార్లు ఆలోచించండి. అక్కడ పనిచేసి వెళ్లిపోయినవారితో ఫోన్‌లో మాట్లాడటం, ప్రస్తుతం ఉన్నవారితో మాట్లాడటం కన్నా ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న ఎంచుకునేటప్పుడు ఒక చిన్న సూచన. ‘ఈ ప్రోటీన్‌ శోథంలో పాల్గొంటుందా?’ అని మొదలుపెట్టకండి, ఎందుకంటే గట్టిగా వెతికితే ప్రతి ప్రోటీనూ ఏదో ఒకచోట పాల్గొంటుంది. ‘ఈ సంకేతం ఎందుకు ఇక్కడే ఆగింది, ఎందుకు ఇంకొంచెం ముందుకు పోలేదు?’ అని అడిగితే జవాబు తప్పో ఒప్పో తేలే ప్రయోగం దొరుకుతుంది. మీరు పిహెచ్‌డిలో నేర్చిన పద్ధతి ఒకటి, కొత్త ప్రయోగశాలలో నేర్చుకోబోయేది ఇంకొకటి, ఈ రెండూ కలిస్తే తప్ప సాధ్యంకాని ప్రశ్న అయితే మరీ మంచిది. అప్పుడు ఆ పని సహజంగానే మీదవుతుంది.

ప్రశ్న: నేను పోస్ట్‌డాక్‌గా చేరి ఏడాదైంది. ఒక మానవ ప్రోటీన్‌ను ఇ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసి మాక్రోఫేజ్‌ల మీద వేస్తే టీఎన్‌ఎఫ్‌ విపరీతంగా వచ్చింది. కొత్త బ్యాచ్‌ శుద్ధిచేసి వేస్తే ఏమీ రాలేదు. ప్రోటీన్‌ పాడైందా? (పోస్ట్‌డాక్‌ పరిశోధకుడు)

జవాబు: పాడైంది ప్రోటీన్‌ కాకపోవచ్చు, మొదటి బ్యాచ్‌లోనే ప్రోటీన్‌తో పాటు ఇంకెవరో ఉండి ఉంటారు. ఇ.కోలై గోడ నిండా లిపోపాలీశాకరైడే. శుద్ధిచేసేటప్పుడు అది ప్రోటీన్‌కు అంటుకుని వస్తుంది. మాక్రోఫేజ్‌ దాన్ని మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము కన్నా తక్కువున్నా పసిగడుతుంది, మీ జెల్‌ మీద మాత్రం అది గీతగా కనిపించదు. ఈ పొరపాటు మీ ఒక్కరిదీ కాదు. వేడి తాకినప్పుడు కణాలు తయారుచేసే హీట్‌షాక్‌ ప్రోటీన్లు సైటోకైన్ల వరదను తెస్తాయని వచ్చిన పలు నివేదికలలో కొన్నింటికి ఇదే కలుషితం కారణమని 2000 తర్వాత తేలింది. నేను కూడా పోస్ట్‌డాక్‌గా ఉన్న రోజుల్లో ఇదే గోతిలో ఎనిమిది నెలలు ఉన్నాను. కొత్త సైటోకైన్‌ ప్రేరకం దొరికిందని గుంపు సమావేశంలో స్లైడ్లు కూడా చూపించాను, వెనక వరసలో కూర్చున్న ఒక టెక్నీషియన్‌ “ఉడకబెట్టి చూశారా?” అని అడిగే దాకా నాకు తట్టలేదు.

ఉడకబెట్టడమే మొదటి పరీక్ష. ప్రోటీన్‌ను 100 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే అది గడ్డకట్టి పనికిరాకుండా పోవాలి. లిపోపాలీశాకరైడ్‌ మాత్రం చెక్కుచెదరదు. అది ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలకు కూడా సరిగా నశించదు కనుకనే గాజు సామానును 250 డిగ్రీల పొడి వేడిలో పెడతారు. ఉడికించాక కూడా టీఎన్‌ఎఫ్‌ అంతే వస్తే, ఆ పని మీ ప్రోటీన్‌ది కాదు. రెండోది, లిపోపాలీశాకరైడ్‌ను పట్టుకుని నిర్వీర్యం చేసే పాలీమిక్సిన్‌-బి కలిపి చూడటం. మూడోది, టీఎల్‌ఆర్‌-4 పనిచేయని ఎలుకల మాక్రోఫేజ్‌ల మీద వేసి చూడటం. సీ3హెచ్‌/హెచ్‌ఈజే అనే జాతి ఎలుకలకు లిపోపాలీశాకరైడ్‌ ఎంత ఎక్కించినా ఏమీ కాదని ఎప్పటి నుంచో తెలుసు. ఆ జాతిలో టీఎల్‌ఆర్‌-4 ప్రోటీన్‌లోని 712వ స్థానంలో ప్రోలిన్‌ బదులు హిస్టిడిన్‌ పడటమే కారణమని 1998లో బ్రూస్‌ బాయిట్లర్‌ బృందం కనిపెట్టింది. ఆ ఒక్క అక్షరదోషమే ఆయనను 2011 నోబెల్‌ దాకా తీసుకెళ్లింది. నాలుగోది, గుర్రపు డెక్క ఆకారంలో ఉండే సముద్ర పీత రక్తకణాల సారంతో చేసే లిములస్‌ పరీక్షతో కలుషితం ఎంతుందో కొలవడం.

ఈ నాలుగూ నెగ్గినా పూర్తిగా నిశ్చింత లేదు. పాలీమిక్సిన్‌ బ్యాక్టీరియా లైపోప్రోటీన్లను ఆపలేదు, అవి టీఎల్‌ఆర్‌-2 అనే వేరే గ్రాహకం ద్వారా పనిచేస్తాయి. వీలుంటే అదే ప్రోటీన్‌ను క్షీరద కణాలలో తయారుచేసి మళ్లీ చూడండి. అంతటితో ఫలితం నిలిస్తే అది నిజంగా మీదే. నిలవకపోతే పోయింది ఒక ఏడాది పనిలో కొంత భాగమే అనుకోండి. అచ్చయ్యాక తెలిసి ఉంటే పోయేది అంతకన్నా ఎక్కువ.

ప్రశ్న: ఒక జన్యువు తీసేసిన ఎలుకలకు పాత ప్రయోగశాలలో పెద్దపేగు శోథం తీవ్రంగా వచ్చేది. అవే ఎలుకలను కొత్త సంస్థకు తెప్పించుకుని పెంచితే రెండు తరాల తర్వాత ఆరోగ్యంగా తిరుగుతున్నాయి. పాత ఫలితం అబద్ధమా? (పోస్ట్‌డాక్‌ పరిశోధకురాలు)

జవాబు: అబద్ధం కాకపోవచ్చు, అసంపూర్ణం అయివుండవచ్చు. మీరు తెప్పించుకున్నది ఎలుకలనే; వాటి పేగులలోని బ్యాక్టీరియా సమూహం కొత్త చోట మారిపోయింది. శోథాన్ని చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్‌-10 లేని ఎలుకలకు పేగు శోథం వస్తుందని 1993లో చూపారు. అవే ఎలుకలను క్రిములే లేని పెట్టెలలో పెంచితే రాదు. జన్యువు లేకపోవడం ఎండుగడ్డి అయితే బ్యాక్టీరియా నిప్పురవ్వ. 2009లో ఇంకా కచ్చితమైన ఉదాహరణ వచ్చింది: ఒకే జాతి ఎలుకలను రెండు వేర్వేరు సరఫరాదారుల నుంచి తెచ్చుకుంటే ఒక గుంపు పేగులలో టీహెచ్‌-17 అనే రకం టి కణాలు (శోథాన్ని రేపగల తెల్లకణాలు) మెండుగా, రెండో గుంపులో కొద్దిగా ఉన్నాయి, తేడా మొత్తం పేగు గోడకు అతుక్కుని దారంలా పెరిగే ఒక్క బ్యాక్టీరియా వల్ల వచ్చింది. అందువల్ల పోల్చే ఎలుకలు ఒకే తల్లికి పుట్టినవై, ఒకే పెట్టెలో పెరిగినవై ఉండాలి. వేరే చోట నుంచి కొన్న మామూలు ఎలుకలను పక్కన పెట్టి పోలిస్తే మీరు కొలుస్తున్నది జన్యువునో, పెట్టెనో మీకే తెలియదు.

జన్యువు వైపు నుంచి కూడా ఒక హెచ్చరిక ఉంది, ఈ రంగంలో కొత్తగా చేరినవారికి నేను తప్పక చెప్పే కథ ఇది. ఇంటర్‌ల్యూకిన్‌-1 బీటా ముందు 31 కిలోడాల్టన్ల నిద్రాణ రూపంలో తయారై, కాస్పేస్‌-1 అనే ఎంజైము కోసిన తర్వాత 17 కిలోడాల్టన్ల చురుకైన రూపంలో బయటికి వస్తుంది. కాస్పేస్‌-1 లేని ఎలుకలు 1995లో తయారయ్యాయి; అవి లిపోపాలీశాకరైడ్‌ విషఘాతానికి చావకపోవడంతో చంపేది కాస్పేస్‌-1 అనుకున్నారు. 16 ఏళ్ల తర్వాత, 2011లో, ఆ ఎలుకలను తయారుచేయడానికి వాడిన 129 అనే జాతిలో కాస్పేస్‌-11 జన్యువు ముందే చెడి ఉందని బయటపడింది. రెండు జన్యువులూ క్రోమోజోమ్‌ మీద పక్కపక్కనే ఉండటంతో ఎన్ని తరాలు వేరే జాతితో కలిపినా విడిపోలేదు. అంటే అన్నాళ్లూ అందరి దగ్గరా ఉన్నవి రెండు జన్యువులూ లేని ఎలుకలు. విడదీసి చూస్తే ఆ మరణాలకు ప్రధాన కారణం కాస్పేస్‌-11 అని తేలింది. మీ ఎలుకలు ఏ జాతి మూలకణాల నుంచి వచ్చాయో, మీరు తీసేసిన జన్యువుకు అటూ ఇటూ ఏమున్నాయో ఈ వారమే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: మూడేళ్లుగా చేస్తున్న పనిని ఇంకో బృందం ముందే ప్రచురించింది. ఇక నా దాన్ని పక్కన పడేయాలా? (పోస్ట్‌డాక్‌ పరిశోధకుడు)

జవాబు: వద్దు, త్వరగా రాసి పంపండి. కణత్వచానికి రంధ్రాలు వేసి శోథపు పదార్థాలను బయటికి వదిలే గాస్డెర్మిన్‌-డి పాత్రను 2015లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టగా, రెండు పత్రాలూ ఒకే పత్రిక ఒకే సంచికలో వచ్చాయి. రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే నియంత్రణ టి కణాలకు ఫాక్స్‌-పి3 జన్యువే పట్టు అని 2003లో మూడు బృందాలు ఇంచుమించు ఒకేసారి చెప్పాయి. వాటికి ముందు 1995లో ఆ కణాలను గుర్తించిన షిమోన్‌ సకగుచి, 2001లో స్కర్ఫీ అనే రోగిష్టి ఎలుకల జాతిలో ఆ జన్యువును పట్టుకున్న మేరీ బ్రంకో, ఫ్రెడ్‌ రామ్స్‌డెల్‌ 2025లో నోబెల్‌ పంచుకున్నారు. రెండో బృందం వేరే పద్ధతిలో అదే చెప్పినప్పుడే మొదటి బృందం మాట మీద నాబోటివాళ్లకు నమ్మకం కుదురుతుంది.

ప్రశ్న: నియంత్రణ అంటే ఎంతసేపూ తాళ్లు, పట్లు, అడ్డుకోవడం గురించే రాస్తారు. అసలు శోథం దానంతట అదే చల్లారిపోదా? ఆ చల్లారడం మీద పనిచేయడానికి ఏమైనా మిగిలి ఉందా? (పిహెచ్‌డి విద్యార్థి)

జవాబు: ఇంధనం అయిపోయిన మంటలా శోథం దానంతట అదే ఆరిపోతుందనే చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు చూస్తే ఆరిపోవడం కూడా ఒక పనే, దానికి వేరే పనివాళ్లున్నారు. పని ముగిసిన న్యూట్రోఫిల్‌లు పగిలిపోకుండా ముడుచుకుని చనిపోవాలి. మాక్రోఫేజ్‌లు వాటిని శుభ్రంగా మింగాలి. అలా మింగిన మాక్రోఫేజ్‌ స్వభావమే మారి ఇంటర్‌ల్యూకిన్‌-10, టీజీఎఫ్‌-బీటా వంటి చల్లార్చే అణువులను వదులుతుంది. కొవ్వు ఆమ్లాల నుంచి తయారయ్యే రసాయనాలు కూడా మధ్యలో పాత్ర మారుస్తాయి: మొదటి గంటలలో ప్రోస్టాగ్లాండిన్లు శోథాన్ని పెంచుతాయి, ఆ తర్వాత అవే లైపాక్సిన్ల తయారీకి కావలసిన ఎంజైములను మేల్కొలుపుతాయి, లైపాక్సిన్లు కొత్త న్యూట్రోఫిల్‌ల రాకను ఆపుతాయి. ఆస్పిరిన్‌ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుందని జాన్‌ వేన్‌ 1971లో చూపాడు, దానికి 1982లో నోబెల్‌ వచ్చింది. ఆ మందుల కుటుంబాన్ని ఎప్పుడు ఇస్తే చల్లారే పనికి కూడా అడ్డుపడుతుందన్న ప్రశ్న మీద ఇప్పటికీ పని సాగుతోంది.

మిగిలి ఉన్నదేమిటో చూడాలంటే మీ గుంపు సమావేశంలో చూపించే గ్రాఫుల అడుగు గీతను చూడండి. చాలా వాటిలో కాలం 24 గంటల దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే శిఖరం కనిపిస్తే చాలు, బొమ్మ బాగుంటుంది. ఎలుక పొట్టలో ఈస్ట్‌ గోడ రేణువులైన జైమోసాన్‌ను కొద్ది మోతాదులో వేస్తే న్యూట్రోఫిల్‌లు మొదటి రోజులోపే గరిష్ఠానికి చేరి, తర్వాతి రెండు మూడు రోజులలో తగ్గిపోతాయి. 4, 24, 48, 72 గంటల దగ్గర పొట్టలోని ద్రవాన్ని కడిగి తీసి, ప్రతిసారీ న్యూట్రోఫిల్‌లను, వాటిని మింగిన మాక్రోఫేజ్‌లను విడివిడిగా లెక్కపెట్టండి. మీకు ఇష్టమైన జన్యువు లేని ఎలుకల్లో శిఖరం మామూలుగానే ఉండి, దిగుదల మాత్రం ఒక రోజు ఆలస్యమైతే, మీ పోస్ట్‌డాక్‌ ప్రశ్న అక్కడ ఉంది.